ఉమ్మని జుట్టు

కొండ మీది ఆడవాళ్ళు చిక్కు జుట్టు ఉత్తినే చేతికివ్వరు. ఉమ్మి ఇస్తారు. తల దువ్వుకున్నప్పుడల్లా ఊడిన వెంట్రుకల్ని ఉండ చుట్టి చూరులో దోపుకుంటారా, నేను వెళ్ళి గిన్నెలు చూపించగానే ఆ ఉండ తీసి, నా ఎదుటే దాని మీద తూ తూ తూ అని, ఆ తడి ఉండని నా అరచేతిలో పెడతారు. జుట్టు కొనేవాడు ఎవడో ఎక్కడివాడో తెలియదు కదా. వాడు దాంతో చిల్లంగి పెడితే ఆ జుట్టు గల మనిషి మంచాన పడుతుందని భయం. ఉమ్మిన జుట్టుకి చేతబడి పట్టదట.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆ ఉమ్మేదో నా మొహాన పడ్డట్టే ఉండేది. పోనుపోను చెయ్యి ప్యాంటుకి తుడుచుకోవడం అలవాటైపోయింది. పెళ్ళి కాకముందు నుంచీ ఇదే వ్యాపారం. బండి వెనక గిన్నెలు, బకెట్లు, పక్కన జుట్టు సంచి, పెట్రోలు టాంకు మీద పులి మొహం స్టిక్కరు. మాది ఎస్.కోట. నా పేరు పులి అప్పారావు. మా తాత ముత్తాతలు నాకు మిగిల్చింది ఆ ఇంటిపేరొక్కటే, అందుకని స్టిక్కరు మాత్రం మంచిది వేయించాను.

నేను చెప్పేది డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వచ్చే ఒక ఊళ్ళో జరిగింది. ఊరి పేరు చెప్పను. నన్ను చావగొట్టిన ఊరే, అయినా చెప్పను.

ఆ రోజు సంత. బండ్లున్న కుర్రాళ్ళంతా పొద్దున్నే కిందకి దిగిపోయారు. ఊళ్ళో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, పొలం పనులున్నవాళ్ళు మిగిలారు. మొదటి ఇంటి ముందు బండి ఆపి, "సిక్కు జుట్టుకి గిన్నెలూ" అని కేకేశాను. లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. పేరు కనక. గిన్నె చూడలేదు, జుట్టు తియ్యలేదు, ముందు నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటోలు బాబూ మీరు? ఇంటిపేరేటి?"

కొండ మీద అంతే. మనిషి పేరు తరవాత, ఇంటిపేరు ముందు. ఇంటిపేరు తెలిస్తే ఎవరికి ఎవరు ఏమవుతారో తేలిపోతుంది వాళ్ళకి.

"పులి," అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "ఓలమ్మా! మావూ పులోలమే. మా పుట్టింటోలు కిల్లో. కిల్లో అంటే పులే. అయితే నువ్వు నాకు అన్నవి. అన్న నిలబడి ఉండకూడదు. కూకో."

నాకు నవ్వొచ్చింది. మా ఇంటిపేరు ఎక్కడ, వీళ్ళ వంశం ఎక్కడ! అయినా మా వ్యాపారంలో ప్రతి ఆడమనిషీ చెల్లెమ్మే. అలా అంటేనే జుట్టు బేరం తెగుతుంది. "అలాగే సెల్లీ," అని అరుగు మీద కూర్చున్నాను. చోడి అంబలి తెచ్చిచ్చింది. ఎండన పడి వచ్చానేమో, గటగటా తాగాను. ఆవిడ జుట్టు ఉండ తీసి మామూలుగానే తూ తూ తూ అని చేతిలో పెట్టింది. అన్న అయినా సరే, ఉమ్మడం మాత్రం మానలేదు.

అరుగు పక్కనే ఎండపొడలో కనక కూతురు దుప్పటి కప్పుకుని కూర్చుంది. చిట్టి అట, రెండో తరగతి. బడికి వెళ్ళలేదు. నా గిన్నెల మధ్య తాడుకి గుచ్చిన క్లిప్పుల వంకే చూస్తోంది. అడగలేదు. అడిగితే ఇవ్వకపోదును. సీతాకోకచిలుక క్లిప్పు ఒకటి తీసి దాని తలకి పెట్టబోతే జుట్టంతా చిక్కు. నా దగ్గరున్న దువ్వెనతో మెల్లగా చిక్కు తీసి క్లిప్పు పెట్టాను. నుదురు కాలిపోతోంది.

"జొరం గట్టిగుంది సెల్లీ. సూపించకూడదా?"

"మాత్తర్లిచ్చే ఆసా గుంట సంతకెల్లింది అన్నా. ఒచ్చాక అడగాల."

దువ్వెనకి కొన్ని వెంట్రుకలు వచ్చాయి. వేలికి చుట్టి సంచిలో వేసుకున్నాను. చేతికి వచ్చిన జుట్టు సంచిలో వెయ్యడం నాకు ఊపిరి తీసుకోవడంలాంటిది. ఎదురింటి అరుగు మీద ఒక మనిషి కూర్చుని పొగాకు నలుపుతూ అదంతా చూస్తున్నాడు. వాడి పేరు భీముడు అనీ, కనక మొగుడికి అన్న అనీ నాకు అప్పుడు తెలియదు.

ఊరంతా తిరిగి, చివర పనసచెట్టు కింద జుట్టు తూస్తున్నాను. వెనక నుంచి వీపు మీద దెబ్బ పడింది. త్రాసు ఎగిరిపోయింది. నేను బోర్లా పడ్డాను. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో చూద్దామని తల తిప్పితే చెవి మీద ఇంకోటి. ఆ చెవికి ఇప్పటికీ సరిగా వినపడదు. అటు నిలబడి మాట్లాడేవాళ్ళని నేను లెక్కచెయ్యనని ఎస్.కోటలో చెప్పుకుంటారు.

కొట్టినవాడు ఫల్గుణ, కనక మొగుడు. పొలం నుంచి పరిగెత్తుకొచ్చాడు, కాళ్ళకి బురద ఇంకా ఆరలేదు. చేతిలో కావిడి బద్ద. వాడి వెనక పదిమందో ఇరవైమందో. అందరికీ ముందు భీముడు.

"మా గుంట కొట్టుకుంతంది," అన్నాడు ఫల్గుణ. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఇంకోటి వేశాడు. "కల్లు తేలేసింది. ఏటి సేసినావురా?"

"నానేటి సేసేను బాబూ? జొరం ఉంది, ఆసుపత్రికి..."

"ఉమ్మకుండా తీసేడు!" భీముడు అరిచాడు. "నా కల్లతో సూసేను. గుంట తల దువ్వీసి, జుట్టు ఏలికి సుట్టి, ఉమ్మియ్యకుండా సంచిలో ఏసుకున్నాడు. చిల్లంగోడు కాపోతే క్లిప్పు ఊరికే ఎందుకిత్తాడు?"

అప్పుడు అర్థమైంది నాకు. నిజమే. అన్నా అని పిలిచినావిడ కూడా ఉమ్మి ఇచ్చిన ఊళ్ళో, నేను జ్వరంతో ఉన్న పిల్ల జుట్టు ఉమ్మి లేకుండా పట్టుకుపోయాను. ఆ మాట ఎలా కాదనడం? కళ్ళతో చూసినవాడున్నాడు.

సంచి బోర్లించారు. ఆరేడు ఊళ్ళ జుట్టు ధూళిలో కుప్పగా పడింది. ఫల్గుణ నా మెడ పట్టుకుని ఆ కుప్పలోకి వంచాడు.

"తియ్. మా గుంట జుట్టు తియ్."

"అంతా కలిసిపోయింది బాబూ..."

బద్ద నా కుడిచేతి మీద పడింది. వేళ్ళు విరిగిన చప్పుడు నాకే వినపడింది. కేక పెడితే నోటి మీద కాలితో తన్నారు. ఎవరు తన్నారో తెలియదు. రెండు పళ్ళు నాలుక మీదికి వచ్చాయి. ఉమ్మాను. ఆ ఉమ్మి జుట్టు మీద పడకుండా పక్కకి ఉమ్మాను. అప్పుడు కూడా సరుకు పాడవుతుందనే యావ.

ఎడంచేత్తో వెతికాను. ఏం వెతకడం? ఆ కుప్పలో ఏది చిట్టిది, ఏది ఎవరి ముసలమ్మది? అయినా వెతుకుతున్నంతసేపూ దెబ్బలు తగ్గుతాయి కదా అని వెతికాను. చిన్న ఉండ ఒకటి తీసి చూపించాను.

"ఇది మా గుంటదేనా?"

"మీ గుంటదే. దేవుడి తోడు."

భీముడు దాన్ని లాక్కుని ఎండలోకి ఎత్తి చూశాడు. అందులో తెల్లవెంట్రుకలున్నాయి. అంతే. ఆ తరవాత పడ్డ దెబ్బలు ఎక్కడ పడ్డాయో నాకు గుర్తు లేదు. అబద్ధం ఆడానని కొట్టారు. ముసలమ్మలకి కూడా చిల్లంగి పెట్టాడని కొట్టారు. ఒకావిడ చెప్పు తీసుకుని కొట్టింది, గంట ముందు నా దగ్గర బకెట్టు తీసుకున్నావిడే. నేను కాళ్ళు పట్టుకున్నాను, ఎవరి కాళ్ళు అందితే వాళ్ళవి. చచ్చిపోతానని నాకు తెలిసిపోయింది. భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఒక క్లిప్పుకి, కాస్త దువ్వినందుకు, ఈ చావా!

"పెట్రోలు తియ్యండ్రా," అన్నాడు భీముడు. "ఈడూ, బండీ ఒక్కపాలే అయిపోవాల."

ఎవరో టాంకు కింది గొట్టం పీకారు. నీళ్ళ సీసా కింద పెట్టారు. పెట్రోలు వాసన ముక్కుకి తగిలింది. నాకు ఒంట్లో పట్టు తప్పి, కట్టుకున్న బట్టలోనే తడిసిపోయింది. సిగ్గు కూడా వెయ్యలేదు.

అప్పుడు కనక వచ్చింది. భుజాన చిట్టి. పిల్ల తల వెనక్కి వాలిపోయి ఉంది, కాళ్ళు కొయ్యబారి అదురుతున్నాయి, క్లిప్పు ఇంకా జుట్టులోనే వేలాడుతోంది. కనక నన్ను చూడలేదు. సీసా పట్టుకున్నవాడి దగ్గరికి తిన్నగా వెళ్ళింది.

"ఆ పెట్రోలు ఈడి మీద పోసీస్తే బండి ఏటేసి ఎల్తాది?"

వాడు సీసాలోకి చూశాడు.

"ఊల్లో బండి ఇదొక్కటే. తోలడం ఒచ్చినోడు ఈడొక్కడే. గొట్టం ఎట్టు."

"ఓసే, ఈడు చిల్లంగోడు," అన్నాడు భీముడు.

"ఈడు పులోడు. బండి మీద పులి ఉంది, సూడు. పొద్దున నా సేతి అంబలి తాగీసి నన్ను సెల్లీ అన్నాడు. ఆడు నాకు అన్న."

"దిగువోడికి వంసమేటే?"

"ఉందో నేదో ఆడు సెప్పేడు, నాను నమ్మేను. అబద్దమైతే మా పులమ్మ తల్లి సూసుకుంతాది. మద్దిన నువ్వెవులివి?"

తరవాత ఆవిడ చేసిన పని నా కళ్ళతో నేను చూశాను, ఒక కన్ను అప్పటికే మూసుకుపోయినా. జుట్టు కుప్ప ముందు నిలబడి, కూతుర్ని భుజం మీద సర్దుకుని, తూ తూ తూ అని కుప్ప మీద ఉమ్మింది.

"ఇదిగో. గుంటకి అమ్మని. నాను ఉమ్మీసేను. ఇంకేటి కావాల మీకు?"

సీసా పట్టుకున్నవాడు వంగి గొట్టం మళ్ళీ టాంకుకి తగిలించాడు. తల్లే ఉమ్మిన జుట్టుకి ఇంక చిల్లంగి పట్టదు. అయితే ఫల్గుణకి కోపం దిగలేదు. బద్ద ఎత్తాడు. నేను తల దాచుకున్నాను. దెబ్బ పడిన చప్పుడైంది గానీ నాకు తగల్లేదు.

"బామ్మర్దిని సంపినోడని కొండంతా సెప్పుకోవాలా?" అంది కనక. "నీ కూతురు సచ్చిపోతంది. ఒగ్గు."

ఫల్గుణ బద్ద వదిలేశాడు. అక్కడే, నా పక్కనే, ధూళిలో కూలబడిపోయాడు.

నేను లేచి బండెక్కింది పిల్లని కాపాడ్డానికని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. నేను పారిపోవడానికి ఎక్కాను. కిక్కు కొట్టేలోపు కనక వెనక ఎక్కి కూర్చుంది, పిల్లని నా వీపుకీ తన ఒంటికీ మధ్య పెట్టి చీరచెంగుతో ముగ్గుర్నీ కలిపి కట్టేసింది. దింపే వీలు లేదు.

కుడిచేతి వేళ్ళు మూడు వంకర తిరిగి ఉన్నాయి. బండి జోరు పెంచాలంటే కుడిచేత్తోనే తిప్పాలి. తిప్పబోయి అరిచాను.

"ఏటైంది?"

"నీ మొగుడు నా సెయ్యి ఇరిసీసేడు! ఏటైందట!"

ఆవిడ కుడిచెయ్యి చాపి నా చేతి మీంచి హ్యాండిల్ పట్టుకుంది. "ఎటు తిప్పాల?"

"నీ కేసి. మెల్లిగా. మెల్లిగా అన్నాను కదే!"

బండి ఉరికింది. గిన్నెలు దారిపొడుగునా రాలుతున్నాయి. నేను తిట్ల దండకం అందుకున్నాను. ఫల్గుణ చెయ్యి పడిపోవాలన్నాను. భీముడి నోట్లో పురుగులు పడాలన్నాను. ఆ ఊరి మీద పిడుగు పడాలన్నాను. నాకు తెలిసిన బూతులన్నీ ఆ మలుపుల్లో అయిపోయాయి. కనక అన్నిటికీ ఒకటే మాట.

"పడనీ అన్నా. ముందు దారి సూడు. బేగి."

నుదుటి మీంచి నెత్తురు కారి తెరిచి ఉన్న కంట్లో పడుతోంది. ఒక మలుపులో ఏమీ కనపడక బండిని గట్టు మీదికి తోలేశాను. అవతల లోయ. కనక హ్యాండిల్ వదిలి, చీరచెంగు కొస అందినంత లాగి నా కన్ను తుడిచింది. మళ్ళీ హ్యాండిల్ పట్టుకుంది. తరవాత ప్రతి మలుపులోనూ తుడిచింది, నేను అడగకుండానే. నా పెళ్ళాం కూడా నా కన్ను ఎప్పుడూ అలా తుడవలేదు. ఆ చెయ్యి తగిలినప్పుడల్లా నా తిట్లు కొంచెం కొంచెం తగ్గాయి. నాకు ఏడుపు వచ్చింది. ఏడిచాను కూడా. ఏడిస్తే దారి కనపడదని ఆవిడ కసిరింది.

తారురోడ్డు మీదికి వచ్చాక ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ దింపేస్తే ఏ ఆటో అయినా ఎక్కించుకుంటుంది, నేను ఇటునుంచి ఇటే ఎస్.కోట వెళ్ళిపోవచ్చు. బండి నెమ్మది చేశాను. నా వీపుకి ఆనుకున్న పిల్ల ఒళ్ళు మళ్ళీ అదరడం మొదలుపెట్టింది. ఆ అదురు నా వెన్నుపూస దాకా తెలిసింది.

"తిప్పు," అన్నాను కనకతో. "గట్టిగా తిప్పు."

ఆసుపత్రిలో నర్సు పిల్లని లాక్కుని లోపలికి పరిగెత్తింది. జ్వరం మెదడుకెక్కింది, మలేరియా అన్నారు. సూదులు, సెలైన్లు. ఇంకో నర్సు నన్ను చూసి, "ముందు ఇతనెవరో చెప్పండి, ఇతనికేమైంది?" అంది.

"మా అన్న," అంది కనక. "గుంటకి మేనమామ."

నేను కాదనలేదు. నోట్లో పళ్ళు లేక మాట రాక కాదు.

నాకు కట్లు కడుతున్నప్పుడు కనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎడంచెయ్యి పొట్టకి ఆనించి పట్టుకుంది. మోచేతి కింద నల్లగా ఉబ్బిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నాకు తగలని ఆ ఆఖరి దెబ్బ. ఆ చేత్తోనే కొండ దిగినంతసేపూ పిల్లని పట్టుకుంది. ఒక్కసారి అమ్మా అనలేదు. నా మూడు వేళ్ళకి నేను లోకమంతా బద్దలయ్యేలా అరిచాను.

"డాక్టరుగారూ, ముందు ఆవిడ సెయ్యి సూడండి," అన్నాను.

డాక్టరు కేసు పెడతావా అని అడిగాడు. పెడతానన్నాను. కనక విన్నది.

తెల్లారేసరికి చిట్టికి తెలివొచ్చింది. మొదట క్లిప్పు ఏదని అడిగింది. నర్సు దాని దిండు కింద నుంచి తీసి ఇచ్చింది.

ఎండ వార్డులోకి వచ్చే వేళకి ఫల్గుణ వచ్చాడు. రాత్రంతా నడిచి దిగాడో, తొలి జీపు దొరికిందో తెలియదు. చంకలో ఏదో పొట్లం. కూతురి మంచం దగ్గర కాసేపు నిలబడి, దాని పాదాలు పట్టుకుని చూసి, నా మంచం దగ్గరికి వచ్చాడు. వాణ్ణి చూడగానే మంచం మీంచి దూకి పారిపోదామనిపించింది. అలా భయపడినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"బావా," అన్నాడు.

లేచి ఎడంచేత్తో లాగి చెంప మీద కొట్టాను. వార్డంతా ఇటు తిరిగింది. నర్సు అరిచింది. కనక కదల్లేదు. ఫల్గుణ చెంప కూడా తడుముకోలేదు, అలాగే నిలబడ్డాడు.

"అయిందా బావా? ఇంకోటుందా?"

"ఉంది. సెయ్యి నొప్పెడతంది. ఆగు."

ఆగాడు. నిజంగానే తల వంచుకుని, నా చెయ్యి తేరుకునేదాకా ఆగాడు. వాడి చెంప మీద నా వేళ్ళు ఎర్రగా లేచాయి. రెండోసారి ఎత్తాను గానీ కొట్టబుద్ధి కాలేదు. నిన్న ఆ ధూళిలో నా పక్కన కూలబడినప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. చెయ్యి దించేశాను.

అప్పుడు పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. అడ్డాకుల పొట్లం, అడ్డనారతో కట్టింది. విప్పాను. లోపల జుట్టు. ఉండలు ఉండలుగా, దేనికది విడివిడిగా దారం చుట్టి.

"నీ జుట్టు నిన్న గాలికి పోయింది," అన్నాడు ఫల్గుణ. "ఇంటింటికీ తిరిగి అడిగేను. చూర్లో ఉన్నోలు తీసిచ్చేరు, నేనోలు దువ్వుకునిచ్చేరు. మా వదినా ఇచ్చింది, భీముడన్న ఎదరే. నిన్ను సెప్పుతో కొట్టింది సూడు, ఆవిడా ఇచ్చింది. తీసుకో."

ఒక ఉండ తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. అలవాటు పోదు కదా, దాన్ని పొట్లంలో వేసేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకోబోయాను.

ఫల్గుణ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తుడుసుకోకు బావా. ఎవులూ ఉమ్మనేదు."